స్పైస్: బల్లపైకి రాకముందే వలయపరీక్ష

రెసిస్టరులను, కెపాసిటరులను, ట్రాన్సిస్టరులను బల్లపై కూర్చి, మీటరుతో కొలిచి, తప్పిన భాగమును ఊడదీసి మరల అతికించుటయే ఒకప్పుడు అనలాగ్ వలయములను పరీక్షించు విధానము. కాని అవన్నియు ఒక్క సిలికాన్ పలుకుపై ఇమిడిపోయిన పిదప, లోపలి భాగమును ఊడదీయుట ఎవరి తరము? ఈ సంకటమునుండి పుట్టినదే స్పైస్ అను ప్రోగ్రాము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ ప్రాంగణమున, ఆచార్య డొనాల్డ్ పెడర్సన్ పర్యవేక్షణలో లారెన్స్ నేగెల్ దీనిని ఫోర్ట్రాన్ భాషలో రచింపగా, 1973లో లోకమునకు వెల్లడియయ్యెను.

ప్రతి సంధిస్థానమునకు వచ్చు విద్యుత్ప్రవాహమును, వెడలునదియు సమానమన్న కిర్కాఫ్ నియమమే దీనికి పునాది. అయితే డయోడులో వోల్టేజికిని ప్రవాహమునకును గల సంబంధము సరళరేఖను అనుసరింపదు. సుమారు 60 మిల్లీవోల్టులు హెచ్చినంతనే దానిలో ప్రవాహము పదిరెట్లగును. అందుచేత ప్రోగ్రాము మొదట ఒక విలువను ఊహించి, ఆ బిందువున వక్రరేఖకు మారుగా స్పర్శరేఖను గైకొని, సమీకరణములను సాధించి, వచ్చిన ఫలమునే కొత్త ఊహగా నుంచుకొని, వరుస ఫలముల భేదము అత్యల్పమగువరకు మరల మరల గణించును. కాలముతో మారు సంకేతములకైతే ఈ ప్రయాసమంతయు ప్రతి సూక్ష్మకాలఖండమునకును జరుగవలసినదే! స్పర్శరేఖలతో సాగు ఈ న్యూటన్ నాటి గణితము ఇచ్చట చేయు సేవను తలచినప్పుడెల్ల నాకు అబ్బురమగుచుండును.

పెడర్సన్ ఉదారముగా దీనిని కోరినవారికెల్ల ఇప్పించుటచే విద్యాలయములకును కర్మాగారములకును అది వ్యాపించెను. నేడు విద్యార్థులు ఉచితముగా వాడుకొను ఎన్‌జీస్పైస్ ఆ వంశములోనిదే.