అడగని నాలుగో ప్రశ్న

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులకు అభినందనలు.

ఇలాంటి వేదికల మీద ఎవరూ ఎత్తని విషయం ఒకటి మాట్లాడతాను. స్కిజోఫ్రీనియాకు మాత్రలు వాడేవారి దాంపత్య జీవితం.

ఓపీలో మనం మూడు ప్రశ్నలు వేస్తాం. నిద్ర పడుతోందా? అన్నం తింటున్నారా? చెవిలో మాటలు తగ్గాయా? మూడింటికీ తలూపితే పాత మందులే మళ్లీ రాసి పంపేస్తాం. నాలుగోది, దాంపత్యం గురించి, మనం అడగం, రోగీ చెప్పడు. పక్కన అమ్మో అన్నో కూర్చుని ఉంటే ఎలా చెబుతాడు? సంసారానికి పనికిరాకుండా పోయానని లోలోపల కుమిలి, ఎవరికీ తెలియకుండా మాత్రలు మానేస్తాడు. జబ్బు తిరగబెట్టాక, మందులు సరిగా వేసుకోడని కేసు షీటులో రాస్తాం.

ఈ ఇబ్బందికి కారణం మీరు చదివిందే. ఈ మందులు డోపమైన్‌ను అడ్డుకుంటాయి. పిట్యూటరీలో ప్రొలాక్టిన్‌కు కళ్లెం వేసేది ఆ డోపమైనే. ప్రొలాక్టిన్ పెరిగితే కోరిక సన్నగిల్లుతుంది, అంగస్తంభన తగ్గుతుంది, నెలసరి ఆగిపోతుంది. పెళ్లికాని పిల్లకు నెల తప్పి, రొమ్ముల్లో పాలు వస్తే మన ఇళ్లల్లో ఏ మాట పుడుతుందో చెప్పక్కర్లేదు. ఆ నింద పడకముందే, మందు మొదలుపెట్టిన రోజే ఇలా జరగవచ్చని చెప్పాల్సింది మనమే.

మాత్ర మానకుండానే దారులున్నాయి. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. క్వెటియాపిన్, అరిపిప్రజోల్‌తో ఆ బెడద తక్కువ. మోతాదు తగ్గించి చూడవచ్చు, మందు మార్చవచ్చు, అరిపిప్రజోల్ జోడించవచ్చు. మార్చాక గర్భం వచ్చే అవకాశమూ తిరిగొస్తుంది, ఆ సంగతీ ముందే చెప్పండి. అరుదుగా ఈ మందులతో దీనికి వ్యతిరేకంగానూ జరగవచ్చు: అంగస్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే వెంటనే క్యాజువాలిటీకి రమ్మనండి. అయితే తప్పంతా మందులదే కాదు. జబ్బూ, షుగరూ, సిగరెట్లూ, తాగుడూ కూడా కారణమవుతాయి. అందుకే మందు మొదలుపెట్టకముందే అడిగి రాసిపెట్టుకోండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స గురించీ దాని సైడ్ ఎఫెక్టుల గురించీ తెలుసుకునే హక్కును రోగికి ఇచ్చింది. పడకగది విషయాలు చెప్పనక్కర్లేదని అందులో ఎక్కడా లేదు.

వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనండి. ‘ఈ మందులతో కొందరికి సంసారంలో ఇబ్బంది వస్తుంది, మీకేమైనా ఉందా?’ అని మామూలు గొంతుతో అడగండి. ఆడవాళ్లనూ, పెళ్లికానివాళ్లనూ, వయసు మళ్లినవాళ్లనూ అడగండి. వచ్చే సోమవారం ఓపీలో మొదటి పేషెంటుతోనే మొదలుపెట్టండి.