గాలికి రెండు దారులు



భద్రత అనగానే హెల్మెట్, బెల్టు గుర్తొస్తాయి. అవి కంటికి కనపడేవి. సైటు సూపర్‌వైజర్లుగా మేము ఈ రోజు కంటికి కనపడని గాలి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

దుబాయ్‌లో సెలవు రోజున అల్ ఫహీదీ పాత బస్తీకి పోయినవాళ్లు ఇళ్ల మీద నిలువు బురుజులు చూసే ఉంటారు. వాటిని బర్జీల్ అంటారు. కరెంటు లేని రోజుల్లో ఇంటిని చల్లబరిచింది అవే. బురుజు నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. లోపల అడ్డుగోడలతో అరలు ఉంటాయి. గాలి వీచే వైపు అరలోంచి కిందికి దిగుతుంది, గదిలోని వేడిగాలి అవతలి అరలోంచి పైకి పోతుంది. అది కట్టిన మేస్త్రీలకు అసలు సూత్రం తెలుసు: గాలికి రెండు దారులు కావాలి. ఒకటి వచ్చేది, ఒకటి పోయేది.

ఇప్పుడు మన క్యాంపు రూములకు వద్దాం. ఏసీ ఉంది గదా, గాలికేం తక్కువ అనుకుంటాం. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ ఏసీ యంత్రాన్ని రూపొందించింది ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమను అదుపు చేయడానికి. మన గోడమీది స్ప్లిట్ ఏసీ కూడా ఉన్న గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ వదులుతుంది. బయటి గాలిని తేదు. బయట ఉన్న యూనిట్ వేడిని పారబోస్తుంది, అంతే. అందుకే ఎనిమిది మంది తలుపులు బిగించి పడుకుంటే పొద్దున తల బరువుగా ఉంటుంది. రోజూ కాసేపైనా కిటికీ తెరవండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది, కానీ లోపలికి గాలి వచ్చే సందు కూడా ఉండాలి.

చలికాలంలో కొందరు రూములో బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటే అలసట అనుకుని పడుకుంటాం. మళ్లీ లేవం. గల్ఫ్‌లో చలికాలం వస్తే ఇలాంటి వార్తలు వింటూనే ఉన్నాం. ఏసీ తిరుగుతున్నా ఆ విషం బయటికి పోదు.

వంట గ్యాస్ సంగతి వేరు. అది గాలికంటే బరువు, నేలమీద పరుచుకుంటుంది. వాసన రాగానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయబోతాం. వేయొద్దు. స్విచ్చి దగ్గర పుట్టే చిన్న మెరుపు చాలు అంటుకోవడానికి. సిలిండర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి రండి.

ఇక సైటు. ఒకప్పుడు బొగ్గు గనుల్లోకి విషవాయువు కనిపెట్టడానికి కెనరీ పిట్టను తీసుకుపోయేవారు. ఇప్పుడు ఆ పని గ్యాస్ డిటెక్టర్ చేస్తుంది. మ్యాన్‌హోల్‌లోకో ట్యాంకులోకో దిగేముందు దాన్ని తాడుకు కట్టి పైన, నడుమ, అడుగున మూడు చోట్లా రీడింగ్ చూడాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే దిగొద్దు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చి ఆగిపోతే గ్యాస్ పోయిందనుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కే పని చేయడం మానేస్తుంది.

బ్లోయర్ పెట్టినప్పుడు డక్టు అడుగుదాకా దించాలి. బ్లోయర్‌ను జనరేటర్ పక్కన పెడితే ఆ పొగనే లోపలికి కొడుతుంది. సిలిండర్‌లోని ఆక్సిజన్ మాత్రం లోపలికి వదలకండి. అది ఎక్కువైతే ఒంటిమీది బట్టలు కూడా చిన్న నిప్పుకే భగ్గుమంటాయి.

లోపల మనవాడు పడిపోతే దూకాలనిపిస్తుంది. మన ఊరివాడు, మన రూమువాడు. అయినా దిగకండి. దిగినవాడు రెండో శవం అవుతాడు. గాలి కొడుతూనే ఉండండి, తాడు కట్టి ఉంటే పైనుంచే లాగండి, యూఏఈలో అయితే వెంటనే 997కు ఫోన్ చేయండి.

రేపు ఎవరైనా "ఏం కాదు, దిగు" అంటే, "గ్యాస్ చెక్ అయిందా అన్నా?" అని అడగండి. అడిగినవాడిని పిరికివాడు అనకుండా చూసే బాధ్యత మా సూపర్‌వైజర్లది. మన ఇళ్లల్లో ఎదురు చూస్తున్నది మనం పంపే డబ్బు కోసమే కాదు, మన కోసం.

సెలవు.