అరోరా ఫొటో దొరికితే సరిపోదా? రాడార్ ఎందుకు?

2024 మేలో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. అవి చూసి మా మేనల్లుడు అడిగాడు, "మామయ్యా, నార్వేలో ఆకుపచ్చగా ఉంటుంది కదా, మన దగ్గర ఎరుపెందుకు?" అని. జవాబు చెప్పాలంటే ముందు ఆ వెలుగు ఎంత ఎత్తులో ఉందో తెలియాలి.

ఒక్క కెమెరాతో అది తెలీదు. ముక్కు ముందు వేలు పెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు పక్కకి జరిగినట్టు ఉంటుంది. 1910లో నార్వే గణితవేత్త కార్ల్ స్టోర్మర్ చేసింది ఇదే. కొన్ని కిలోమీటర్ల దూరంలో రెండు కెమెరాలు పెట్టి, మధ్యలో టెలిఫోన్ లైను వేసి, ఇద్దరూ ఒకే క్షణంలో ఫొటో తీశారు. వెనకున్న నక్షత్రాలతో పోల్చి లెక్క కడితే, అరోరా కింది అంచు సుమారు 100 కిలోమీటర్ల పైన తేలింది. గడ్డకట్టే చలిలో ఫోను పట్టుకుని "ఇప్పుడు!" అని చెప్పుకోవడం ఊహించుకోండి!

ఇక రంగు. ఆకుపచ్చ, ఎరుపు రెండూ ఆక్సిజన్ పరమాణువువే. శక్తి అందుకున్నాక ఆకుపచ్చ వెలుగు ఒక సెకను లోపే ఇచ్చేస్తుంది. ఎరుపుకి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి, ఈలోగా పక్క అణువులు గుద్దుకుని ఆ శక్తి లాగేసుకుంటాయి. అందుకే ఎరుపు 200 కిలోమీటర్లు దాటాకే బాగా కనిపిస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్ళకి భూమి వంపు కింది ఆకుపచ్చని దాచేస్తుంది, పై ఎరుపు మాత్రం అందుతుంది.

అయితే ఇక్కడొక చిక్కుంది. అదే ఎరుపు ఇంకో దారిలోనూ రావచ్చు. పైనుంచి ఎలక్ట్రాన్లు వచ్చి పడకుండానే, అక్కడున్న ఎలక్ట్రాన్లు బాగా వేడెక్కినా చాలు. దాన్ని ఎస్‌ఏఆర్ ఆర్క్ అంటారు. హన్లే విషయంలో అప్పట్లో రెండు మాటలూ వినబడ్డాయి. రెండిట్లోనూ రంగు అదే, 630 నానోమీటర్లు. ఫొటోలో రంగు చూసి విడదీయలేం.

రాడార్ పని ఇక్కడే. నార్వేలోని ట్రోమ్సోలో 1981 నుంచి నడుస్తున్న ఐస్‌క్యాట్ రాడార్ రేడియో తరంగాలు పైకి పంపుతుంది. ఎలక్ట్రాన్ల నుంచి అతి కొద్దిగా వెనక్కి వస్తుంది. ఆ కాస్త ప్రతిధ్వని బలాన్ని బట్టి ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో, పౌనఃపున్యం ఎంత విస్తరించిందో చూసి ఎంత వేడిగా ఉన్నాయో తెలుస్తుంది. మబ్బులు అడ్డు కావు, పగలైనా పర్వాలేదు. కానీ రాడార్ చూసేది సన్నని కిరణమంత మేరే. అది అరోరా అంచున ఉందా, మధ్యలో ఉందా చెప్పడానికి మళ్ళీ ఆకాశమంతా చూసే కెమెరా కావాలి. అలాస్కాలోని పోకర్ ఫ్లాట్ రాడార్ నయం. యాంటెన్నా కదలకుండానే, కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా క్షణాల్లో తిప్పేస్తుంది.

ఈ వేడి లెక్క ఎవరికి కావాలంటారా? 2022 ఫిబ్రవరిలో స్పేస్‌ఎక్స్ పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 40 దాకా పోయాయి. అదేమీ పెద్ద తుఫాను కూడా కాదు. పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, గాలి రాపిడి పెరిగింది, అంతే.

ఇదంతా విని మావాడు, "అయితే హన్లేలో కూడా ఒకటి పెట్టొచ్చుగా?" అన్నాడు. పెట్టొచ్చు. కెమెరాకి చిన్న బ్యాటరీ చాలు. దీనికి మెగావాట్లు కావాలి. ఆ కరెంటు సంగతి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను.