ట్యూరిన్‌లో రాయ్ కీన్

రాయ్ కీన్ 1971లో ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో పుట్టాడు. 1993లో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్ ఈ మిడ్‌ఫీల్డర్‌ను 37.5 లక్షల పౌండ్లకు తీసుకుంది. బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు ధర.

అతని సత్తా తెలియాలంటే 1999 ఏప్రిల్‌లో ట్యూరిన్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చూడాలి. పదకొండు నిమిషాలకే యువెంటస్ రెండు గోల్స్ కొట్టేసింది. సహచరుడు బెక్‌హామ్ కార్నర్ నుంచి పంపిన బంతిని కెప్టెన్ కీన్ తలతో గోల్‌లోకి నెట్టాడు. కాసేపటికే యువెంటస్ ఆటగాడు జిదాన్‌ను పడేసి పసుపు కార్డు తెచ్చుకున్నాడు. ఆ కార్డుతో ఇక ఫైనల్ ఆడే యోగం లేదు. అయినా మైదానమంతా తానే అయ్యాడు. యునైటెడ్ 3-2తో గెలిచింది.

2002 ప్రపంచకప్ ముందు సైపాన్‌లో ఐర్లండ్ జట్టు కోచ్ మెకార్తీతో గొడవపడి వెనుదిరిగాడు. అభిమానులకది తీరని బాధే. 2006లో సెల్టిక్‌లో ఆట ముగించాడు.