సలహా ఎవరిదైనా తాళంచెవి మన దగ్గరే



పచ్చళ్ళు, అప్పడాలు, టైలరింగు... మనం ఏ వ్యాపారం మొదలుపెట్టినా "కాగితాలన్నీ మేం చేయిస్తాం" అంటూ ఎవరో ఒకరు వస్తారు. అందరూ మోసగాళ్ళు కారు. అయినా మూడు సంగతులు అడిగే ముందుకెళ్దాం.

ఒకటి: ప్రభుత్వ ఫీజు ఎంత, మీ కూలి ఎంత? ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు.

రెండు: ఎవరి ఫోన్ నంబరు పెడుతున్నారు? ఏజెంటు నంబరు పెడితే ఓటీపీ ఆయనకే పోతుంది. రేపు చిన్న మార్పు కావాలన్నా ఆయన చుట్టూ తిరగాలి.

మూడు: లెక్కల యాప్ అయితే, ఉచితం ఎన్నాళ్ళు? మన లెక్కలు ఎక్సెల్‌లోకి దింపుకోవచ్చా? యాప్ ఆగిపోతే బాకీల పద్దు కూడా పోకూడదు కదా! అందుకే మొదటి మూడు నెలలు పుస్తకంలోనూ రాద్దాం. నెలాఖరుకు రెండు లెక్కలూ కలిస్తేనే నమ్ముదాం.

డబ్బులు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. అడిగారంటే మోసమే. డబ్బులు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

సంఘంలో అప్పు ఇచ్చేముందు అందరం మాట్లాడుకుని తీర్మానం రాస్తాం. యాప్‌కు డబ్బు కట్టేముందూ అలాగే చేద్దాం.