కొత్త గిటారు – పికప్పు ఎడము



ఇటీవల మా మనుమని కొఱకు ఎలక్ట్రిక్ గిటారు నొకటి కొంటిని. ధ్వని హెచ్చుగా రావలెనని, తీగల క్రిందనున్న పికప్పును మరలు త్రిప్పి పైకెత్తితిని. అంతట శ్రుతి చెడినది. లావుతీగపై నొక స్వరము రెండుగా వినబడెను. వాద్యమే చెడ్డదని తిరిగి పంపబూనితిని. బాలుని మొగము చిన్నబోయినది.

నిజమునకు తప్పు నాది. పికప్పనగా అయస్కాంతముల చుట్టు వేలకొలది చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగ. దానిపై ఉక్కుతీగ కదలినచో చుట్టలో విద్యుత్తు పుట్టును. ఈ ధర్మమును ఫారడే 1831లో కనుగొనెను. అయస్కాంతము మఱీ చేరువైనచో తీగను లాగి, దాని కదలికను చెఱచును. మఱీ దూరమైనచో ధ్వని సన్నగిల్లును.

కనుక తీగలను చివరిమెట్టున నొక్కిపట్టి, పికప్పునకు వానికిని నడుమ లావుతీగవైపు సుమారు రెండున్నర, సన్నతీగవైపు రెండు మిల్లీమీటర్ల ఎడముండునట్లు దింపితిని. పిదప వినుచు, మరలను కొద్దికొద్దిగా సవరించితిని. శ్రుతి నిలిచినది, బాలుడు నవ్వెను.

మన పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతమును పలికించిన ఎలక్ట్రిక్ మాండొలిను సైతము తీగ కదలికను విద్యుత్తుగా మార్చు వాద్యమే. కొత్త వాద్యమును నిందించుటకు ముందు మన చేతితో త్రిప్పిన మరను మరల నొకసారి చూచుకొనవలెను.