సంగ్రహణికి సుబ్బారావు సమాధానం



శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవారిలో ఇద్దరిని సంగ్రహణి బలిగొంది. ఆయన్నూ పీడించింది. చిన్నపేగు లోపొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టని జబ్బు ఇది. వారాల తరబడి విరేచనాలు, నోటిపూత, రక్తహీనత దీని గుర్తులు.

అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపించిన పరిశోధక బృందం, కాలేయంలో దొరికే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. 1945 ఆగస్టులో ‘సైన్స్’ పత్రిక ఆ ఫలితాన్ని అచ్చువేసింది. రచయితల్లో సుబ్బారావు ఒకరు. ఈ మందుతో సంగ్రహణి రోగుల రక్తం పుంజుకుంటుందని వైద్యుడు టామ్ స్పైస్ చూపారు. ఇప్పుడు దీనికి తోడు యాంటీబయాటిక్, అవసరమైతే బి12 కూడా ఇస్తారు.

మన అనంతపురం మెట్టచేలలో పండే శెనక్కాయల్లో ఫోలిక్ ఆమ్లపు సహజ రూపమైన ఫోలేట్ పుష్కలం. కందిపప్పు, ఆకుకూరల్లోనూ ఉంది. అది నీళ్లలో కరుగుతుంది గనుక ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోయకుండా పప్పులో కలపండి. అయితే తిండి ఒక్కటే ఈ జబ్బును నయం చేయదు. విరేచనాలు రెండు వారాలు దాటితే చిట్కాలతో కాలం గడపక డాక్టరుకు చూపించుకోండి. గర్భిణులు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మానకండి.